ఫుల్క్రాన్ చేతి సాసేజి

ఫజోల్ అనే కొండ ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాలు పంచిన మారినెట్‌కు పోస్టుకార్డులు చదివే అలవాటుండేది. చదివి ఊరుకునేది కాదు. కార్డు చేతికివ్వకముందే గుమ్మంలో నిలబడి సారాంశం చెప్పేసేది. "మీ చెల్లెలు బాగానే ఉందిట. సముద్రం దగ్గర ఒకటే వానలుట. అల్లుడి గురించి ఒక్క ముక్క రాయలేదు, ఏదో అయ్యుంటుంది." ఎవరైనా ముఖం చిట్లిస్తే, "కవర్లో పెట్టి రాయమనండి, నా కళ్లకూ విశ్రాంతి," అనేది.

ఒక ఏప్రిల్ ఒకటో తారీఖున, ఆ రోజు ఎవర్నైనా వెర్రివాణ్ని చెయ్యడానికి అక్కడివాళ్లు చేసే పద్ధతిలో, పోలీసు సార్జెంటు కోటు వెనక కాగితపు చేపను అంటించింది. ఆయన ఆ చేపతోనే పశువుల సంతంతా తిరిగి, ఇద్దరిని గద్దించి, ఒకడి బండికి జరిమానా రాసి, ఇంటికెళ్లాక భార్య చెబితే గానీ తెలుసుకోలేకపోయాడు. ఎవరు చేశారో కనిపెట్టింది ఒక్క తెయొదోరే. మారినెట్ భర్త. వడ్రంగి, మాటలు తక్కువ. సాయంత్రం ఆమె ముఖం చూసి, "ఏం చేసొచ్చావే?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది. ఆయన నవ్వకుండా ఉండడానికి తంటాలుపడేవాడు.

తెయొదోర్ పోయి మూడేళ్లయింది. ఉద్యోగం విరమించి రెండేళ్లు. అరవై రెండేళ్ల మారినెట్‌కు ఇప్పుడు బోలెడంత తీరిక ఉంది. ఏం చేసొచ్చావని అడిగేవాళ్లు మాత్రం లేరు.

ఆ కొండల్లో చలికాలం నాలుగున్నరకే దీపం పెట్టాలి. దీపం పెట్టాక ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే గోడలు దగ్గరికి జరిగినట్టుంటుంది. అందుకని నవంబరు నుంచి మంచు కరిగేదాకా ప్రతి గురువారం సాయంత్రం ఊళ్లో ఓ ఏడెనిమిది మంది సిడోనీ కాఫీ కొట్టులో చేరేవాళ్లు. పొయ్యి పక్కన పేకాట, ఎర్ర ద్రాక్షసారా, మధ్యలో మాంసాలూ చీజూ పేర్చిన చెక్క పలక. ఆ పలక తెచ్చే వంతు ఒక్కో వారం ఒక్కో ఇంటిది. పేకాటలో ఎవరు గెలిచారన్నది మర్నాటికి మరిచిపోయేవారు. పలక ఎవరిది ఎలా ఉందన్నది ఈస్టరు దాకా చెప్పుకునేవారు.

మారినెట్ పలక పాత అక్రోటు చెక్క బీరువా తలుపు. తెయొదోర్ దాన్ని కోసి, అంచులు గుండ్రం చేసి, నూనె పట్టించి ఇచ్చాడు. దాని మీద వడ్డించడంలో ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. మాంసాలు గంట ముందే చల్లటి గదిలోంచి బయటికి రావాలి. చల్లగా ఉన్న కొవ్వు నాలుక మీద కరగదు. హ్యామ్‌ను వెలుతురు కనిపించేంత పల్చగా కొయ్యాలి. ఎండు సాసేజి నాణెమంత మందం ఉండాలి, ఏటవాలుగా కొయ్యాలి. కొవ్వు కరిగించాక గిన్నె అడుగున మిగిలే కరకర ముక్కలు ఒక పక్కన, ఉప్పు సిర్కాలో ఊరిన చిన్న దోసకాయలు వాటి పక్కనే. మెత్తటి చీజ్‌కీ సాసేజికీ మధ్య ఎప్పుడూ అక్రోట్లో, పియర్ పండు ముక్కలో అడ్డం ఉండాలి. "రెండూ పలుకుబడి ఉన్నవే, పక్కపక్కన కూర్చోబెడితే పోట్లాడుకుంటాయి," అనేది. నల్లరొట్టె పలక మీద పెట్టేది కాదు. రొట్టె చోటు ఆక్రమిస్తుంది, బుట్టలోనే ఉండాలి. ఇంతా చేశాక ఒక చోట కావాలని కొంచెం చెదరగొట్టేది, ముందు చెయ్యి పెట్టడానికి ఎవరూ జంకకుండా.

ఇన్ని పట్టింపులున్న మనిషిని కిందటి చలికాలం నోటరీ దెల్రియు గారు ఒక్క మాటతో పడగొట్టారు.

దెల్రియు గారు నలభై ఏళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్ల వీలునామాలూ అమ్మకం దస్తావేజులూ రాసి విశ్రాంతి తీసుకున్న మనిషి. డెబ్బై ఆరేళ్లు, తెల్లటి గడ్డం, ఇస్త్రీ మడత చెడని కోటు. ఎవరి పలక వచ్చినా మొదటి ముక్క ఆయనదే. దాన్ని ఫోర్కుతో పైకెత్తి, దీపం కేసి చూసి, వాసన పీల్చి, నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. పేకముక్కలు పట్టుకున్నవాళ్లంతా ఆగేవాళ్లు. "కొండకు ఉత్తరపు వాలు. పంది ఆడది. ఆఖరి నెలలో చెస్ట్‌నట్ కాయలు తిన్నది," అని తీర్పు చెప్పేవారు. ఒప్పో తప్పో తేల్చేవాళ్లు లేరు. పంది ఎలాగూ సాక్ష్యం చెప్పదు.

కిందటి ఫిబ్రవరిలో మారినెట్ వంతు వచ్చినప్పుడు ఆయన ఆమె హ్యామ్‌ను నమిలి, మింగి, చాలాసేపు ఆలోచించి అన్నారు: "మారినెట్ గారూ, ఇది నిజాయితీ గల హ్యామ్."

అంతా తలూపారు. మారినెట్ నవ్వి ఊరుకుంది. ఇంటికెళ్తూ దారి పొడుగునా ఆ మాటే నమిలింది. అందంగా లేని పిల్లను మంచిపిల్ల అంటారే, అలా ఉంది ఆ మాట. ఎండాకాలమంతా ఎండుగడ్డి కుప్పలు వేసుకుంటూ, బంగాళాదుంపలు తవ్వుకుంటూ, "నిజాయితీ గల హ్యామ్‌ట," అని తనలో తను అనుకుంది.

నవంబరు మొదట్లో ఓ మంగళవారం తన పాత పసుపు వ్యాను వేసుకుని కింద పట్టణానికి వెళ్లింది. అక్కడి పెద్ద దుకాణంలో, సబ్బులకూ కుక్కల తిండికీ మధ్య వరసలో, ప్లాస్టిక్ కవర్లలో సాసేజిలు వేలాడుతున్నాయి. పసుపు కవరు మీద టోపీ పెట్టుకున్న పంది నవ్వుతోంది. ఊళ్లో ఎవరి కంటపడినా తలెత్తుకోలేని సరుకు. మారినెట్ మూడు కొంది. ఇంటికొచ్చి కవర్లు చింపి, సాసేజిలను బూడిదలోనూ పిండిలోనూ పొర్లించి, తెయొదోర్ పనిముట్ల పెట్టెలోంచి తీసిన పాత జనపనార తాడు కట్టి, అటక మీద ఎండుగడ్డి పక్కన పది రోజులు వేలాడదీసింది. పదకొండో రోజు దించి చూస్తే వాటికి తాతముత్తాతలున్నట్టు కనిపించింది.

గురువారం సాయంత్రం పలక సర్దింది. ఎన్నడూ సర్దనంత అందంగా సర్దింది. ఒక కవరు మాత్రం మడిచి ఏప్రను జేబులో పెట్టుకుంది. పథకం చాలా చిన్నది. నోటరీ గారు పొగుడుతారు. రెండు నిమిషాలు పొగడనిస్తుంది. ఆ తర్వాత టోపీ పెట్టుకున్న పందిని బల్ల మీద, సరిగ్గా ఆయన గ్లాసు ముందు పెడుతుంది.

దెల్రియు గారు ముక్క ఎత్తారు. దీపం కేసి చూశారు. నోట్లో పెట్టుకున్నారు. నమలడం మధ్యలో ఆగిపోయింది. కనుబొమలు పైకి లేచాయి. ఆమె ముఖంలోకి ఒక్క చూపు చూసి కళ్లు మూసుకున్నారు. కాఫీ కొట్టులో పొయ్యి చిటపటలు తప్ప మరో చప్పుడు లేదు.

"ఎవరి చేతిది ఇది?" అన్నారు చివరికి, గొంతు తగ్గించి.

మారినెట్ చెయ్యి జేబులోనే ఉంది. కవరు వేళ్లకు తగులుతోంది. ఇంకొక్క నిమిషం ఆగితే పోయేదేముంది అనుకుంది. "ఫుల్క్రాన్ అని ఒకాయన," అంది. "కనుమ అవతల, మల్‌పేర్‌లో ఉంటాడు. అటువైపు పోస్టుమాన్ తుంటి విరిగినప్పుడు రెండేళ్లు నేనే ఉత్తరాలిచ్చాను, అప్పటి పరిచయం."

ఆ పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. మల్‌పేర్‌ను ఎంచుకోవడంలో మాత్రం తెలివుంది. ఫజోల్ వాళ్లు కనుమ దాటి అటు వెళ్లరు. తాతల కాలంలో ఒక ఆవు మెడలో గంట పోయింది. అటువాళ్లు దొంగిలించారని ఇటువాళ్లు, ఇటువాళ్లని అటువాళ్లు. అప్పట్నుంచి రాకపోకల్లేవు.

"అటువాడా!" అన్నాడు ఉర్బేన్, చలికాలం రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. నోట్లో పెట్టుకోబోయిన ముక్కను ఓ క్షణం అనుమానంగా చూసి, పెట్టేసుకున్నాడు.

అప్పుడు దెల్రియు గారు కళ్లు తెరిచారు. "ఫుల్క్రాన్! ఇంకా బతికే ఉన్నాడా? వాళ్ల నాన్న వీలునామా రాసింది నేనే. ఎడమకాలు కాస్త ఈడుస్తాడు, కదూ?"

జేబులోంచి మారినెట్ చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. నలభై ఏళ్లు ప్రమాణాల మీద బతికిన మనిషి లేని మనిషికి కాలు కుంటి చేస్తుంటే చూడ్డం ఎంత బాగుందంటే, ఆ ఆటను రెండో నిమిషంలోనే ముగించడానికి ఆమెకు మనసొప్పలేదు.

"ఎడమకాలే," అంది. "చలికి మరీ ఎక్కువవుతుంది పాపం."

ఆ రాత్రి పలక మీద ఆవగింజంత కూడా మిగల్లేదు.

అట్లా మొదలైంది. మంగళవారం మారినెట్ వ్యాను వేసుకుని కింది దారిన "చుట్టూ తిరిగి మల్‌పేర్‌కు" వెళ్లేది, గురువారం ఫుల్క్రాన్ సాసేజి ఎవరి వంతు పలక మీదైనా ప్రత్యేకంగా కూర్చునేది. దాంతోపాటు కబుర్లూ వచ్చేవి. ఫుల్క్రాన్ మనుషుల్ని దగ్గరికి రానివ్వడని మారినెట్ చెప్పింది. కోడిపెట్ట ఒకటి ఆయన మంచం మీదే పడుకుంటుందని చెప్పింది. నోటరీ గారు వెనకపడలేదు. పందులకు జెన్షన్ అనే చేదు కొండమొక్క వేళ్లు పెడతాడన్నారు. కుర్రతనంలో పెళ్లి కుదిరితే, పెళ్లికూతురు చర్చి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిందన్నారు.

"అయ్యో," అంది సిడోనీ. గ్లాసు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

సిడోనీకి యాభై ఏడేళ్లు. పెళ్లి చేసుకోలేదు. తండ్రి బతికున్నన్నాళ్లూ ఆయనకు సూపు కాచింది, ఆయన పోయాక ఊరికి కాఫీ కాస్తోంది. ఆ తర్వాతి మంగళవారం మారినెట్ వ్యాను ఎక్కబోతుంటే పరుగున వచ్చి రేగుపళ్ల జామ్ సీసా ఒకటి చేతిలో పెట్టింది.

"ఆయనకివ్వు. ఒంటరి మనిషి, ఏం తింటాడో ఏమో."

మారినెట్ తీసుకుంది. ఏం చేస్తుంది? గురువారం సిడోనీ పక్కకు పిలిచి, "ఏమన్నాడు?" అని అడిగింది.

"తలూపాడు."

"ఎలా ఊపాడు?"

"తల ఎలా ఊపుతారే? కిందికీ పైకీ."

"మెల్లిగానా, గబగబానా?"

"మెల్లిగా," అంది మారినెట్, ఇంకేం తోచక. సిడోనీ ముఖం ఎర్రబడింది.

క్రిస్మస్‌కు ముందు ఉన్ని మేజోళ్లు వచ్చాయి, ఎడమదానికి మడమ దగ్గర రెండు వరసలు ఎక్కువ అల్లి. జనవరిలో చొక్కా కాలరు కొలత అడిగింది. "నేను ఉత్తరాలిచ్చేదాన్నే, కొలతలు తీసేదాన్ని కాదు," అని మారినెట్ తప్పించుకుంది. జామ్ సీసా తెరవకుండా అల్మరాలో పెట్టింది. మేజోళ్లు తెయొదోర్ సొరుగులో పెట్టింది. ఆ సొరుగు మూస్తుంటే ఎవరో వెనక నిలబడి, ఏం చేసొచ్చావే అని అడిగినట్టనిపించింది. ఈసారి చెప్పాలనిపించలేదు.

జనవరి మూడో గురువారం ఉర్బేన్ బల్ల మీద చెయ్యి చరిచి ప్రకటించాడు. "ఎల్లుండి శనివారం నాకు పని తక్కువ. కనుమ మీద మంచు తోసుకుంటూ మల్‌పేర్ దాకా పోతా. అరగంట దారి. ఆ పెద్దాయన మంచులో ఎలా ఉన్నాడో చూసొద్దాం. గంట దొంగలైతేనేం, మంచి సాసేజి చేస్తున్నాడు మరి. సిడోనీ కూడా వస్తానంది. కేకు చేస్తుందట."

"ఆయనకు మనుషులంటే పడదు ఉర్బేన్," అంది మారినెట్.

"చూసొస్తాం అక్కా, పెళ్లి చేసుకురాములే," అన్నాడు ఉర్బేన్. అంతా నవ్వారు. సిడోనీ నవ్వలేదు. తలొంచుకుని గ్లాసు మళ్లీ తుడిచింది.

శుక్రవారం మధ్యాహ్నం మారినెట్ మంచులో కాళ్లీడ్చుకుంటూ నోటరీ గారింటికి వెళ్లింది. ఫుల్క్రాన్ ఊరు వదిలిపోయాడని ఆయన నోటితో చెప్పిస్తే ఊరంతా నమ్ముతుంది. తలుపు కొట్టి, అలవాటు కొద్దీ పిలుపు కోసం ఆగకుండా లోపలికి వెళ్లింది. దెల్రియు గారు వంటింటి బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే చప్పున వార్తాపత్రిక తీసి కంచం మీద కప్పారు. పత్రిక చిన్నదైంది. దాని అంచు కింద నుంచి, టోపీ పెట్టుకున్న పంది నవ్వుతూ చూస్తోంది.

ఇద్దరూ ఆ పందిని చాలాసేపు చూశారు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది మారినెట్.

"తొమ్మిదేళ్లు," అన్నారు నోటరీ గారు. "మా ఆవిడ పోయిన ఏడాది నుంచి. ఇది మెత్తగా ఉంటుంది. నా పళ్లు నావి కావు మారినెట్ గారూ. మన ఊరి సాసేజి ఒక్క ముక్కకు మించి కొరికితే అవి పలక మీదే ఉండిపోతాయి."

"అంటే ఆ రోజు..."

"మొదటి ముక్కకే తెలిసింది. రోజూ తినేదాన్ని గుర్తుపట్టనా? ఎవరి చేతిదని అడిగాను, మీరెంత దూరం వెళ్తారో చూద్దామని. అప్పుడు మీ జేబులో కవరు చప్పుడు వినిపించింది. అదీ నాకు రోజూ వినే చప్పుడే. ఇంకొక్క నిమిషంలో నలుగురి ముందూ నా తోలు ఒలిచేవారు. అందుకని ఫుల్క్రాన్ నాకూ తెలుసని చెప్పి మీకన్నా ముందు నేనే పరిగెత్తాను."

మారినెట్‌కు నవ్వు పొట్టలోంచి వచ్చింది. కుర్చీ వెతుక్కుని కూలబడి, ఏప్రనుతో కళ్లు తుడుచుకుంది. నోటరీ గారు కూడా నవ్వారు, పళ్లు జారకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని. రెండు నెలలు ఇద్దరూ ఒకరినొకరు పిచ్చివాళ్లను చేస్తున్నామనుకున్నారు.

తర్వాత ఆమె, "రేపు సిడోనీ వెళ్తోంది," అంది. నవ్వు ఆగిపోయింది.

"చంపేద్దాం," అంది మళ్లీ తనే.

"ఎవర్ని?"

"ఫుల్క్రాన్‌ని."

"మరణ ధ్రువపత్రం లేకుండా నేను ఎవర్నీ చావనివ్వను," అన్నారు నోటరీ గారు. "పైగా సిడోనీ అంత్యక్రియలకు వెళ్తానంటుంది. గొయ్యి మీరు తవ్వుతారా?"

"అయితే వేరే ఊరు పంపేద్దాం."

"నడివేసవి కాదు, నడుములోతు మంచు. కుంటికాలితో ఎక్కడికి పోతాడు?"

"ఆ కాలు మీరు కుంటి చేసిందే కదా!"

"మనుషుల్ని దగ్గరికి రానివ్వడన్నది ఎవరు? కాస్త మంచివాణ్ని చేసుంటే ఏ చుట్టాలింటికో పోయేవాడు."

ఎంతసేపు వాదించుకున్నా ఫుల్క్రాన్ మల్‌పేర్‌లోనే ఉండిపోయాడు. చివరికి మారినెట్ లేచి, "నేనే చెప్తాను. పొద్దున్నే. మీరూ రావాలి," అంది. నోటరీ గారు వెంటనే రెండుసార్లు తుమ్మారు. జలుబు చేసేలా ఉందన్నారు.

శనివారం ఎనిమిదింటికి కాఫీ కొట్టు ముందు మంచు తోసే బండి గుర్రుమంటోంది. పైన ఉర్బేన్ పక్కన సిడోనీ కూర్చుని ఉంది. నీలం కోటు, తండ్రి పోయాక ఎవరూ చూడని ఈక టోపీ, ఒళ్లో గుడ్డ కప్పిన అక్రోటు కేకు. మారినెట్ బండి మెట్టు మీదికెక్కి తలుపు పట్టుకుంది.

"దిగవే. నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు. ఇంజను వేడెక్కింది, ఇప్పుడు ఆపితే మళ్లీ రాదట."

మారినెట్ చెప్పింది. ఇంజను చప్పుడులో అరిచి చెప్పాల్సొచ్చింది. దుకాణం, కవరు, బూడిద, అటక, అన్నీ. సిడోనీ ఎదురుగా అద్దంలోంచి రోడ్డునే చూస్తూ వింది.

"మేజోళ్లు?" అంది.

"నా దగ్గరే ఉన్నాయి."

"జామ్?"

"మూత తియ్యలేదు."

"ఆ కుంటికాలు?"

మారినెట్ వెనక్కి చూపించింది. మఫ్లరు మూడు చుట్లు చుట్టుకుని, కర్ర పొడుచుకుంటూ దెల్రియు గారు వీధి చివర్నుంచి వస్తున్నారు. "అది ఆయనది. పెళ్లి చెడిపోవడం కూడా."

సిడోనీ చేతులు కేకు గిన్నె అంచును గట్టిగా పట్టుకున్నాయి. "రెండు నెలలు," అంది. "రెండు నెలలు రోజూ పడుకునే ముందు ఒక మనిషి ముఖం అనుకున్నానే నేను. మీసం ఎలా ఉంటుందో కూడా అనుకున్నా."

"మీసం గురించి నేనేం చెప్పలేదు."

"నోర్ముయ్."

మారినెట్ క్షమించమని అడగాలని వచ్చింది, ఆ మాట ఎలా మొదలుపెట్టాలో అంతవరకు ఎప్పుడూ నేర్చుకోలేదు. "తప్పయింది సిడోనీ," అంది చివరికి. గొంతు చిన్నదై ఇంజను చప్పుడులో కలిసిపోయింది. రెండోసారి అరిచి చెప్పింది. వీధిలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి.

ఉర్బేన్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని బిక్కచచ్చి కూర్చున్నాడు. "అయితే బండి ఆపెయ్యనా?" అన్నాడు.

"ఎందుకు?" అంది సిడోనీ.

"అక్కడ ఎవరూ లేరంట కదా."

"కేకు చేశాను. టోపీ పెట్టుకున్నాను. పుట్టి యాభై ఏడేళ్లయింది, ఈ కొండ అవతల ఏముందో చూళ్లేదు. ఎవడో లేడని నేను టోపీ తీసి లోపల కూర్చోనా? పోనివ్వు." తలుపు లాగింది. మారినెట్ మెట్టు మీంచి దూకాల్సొచ్చింది. బండి మంచును రెండు వైపులా ఎగజిమ్ముతూ కనుమ వైపు సాగింది. ఎగిరిన మంచులో సగం అప్పుడే చేరుకున్న నోటరీ గారి మీద పడింది.

ఆ రోజంతా మారినెట్ సిడోనీ కొట్టులోనే ఉంది. పొయ్యి వెలిగించింది, కాఫీలిచ్చింది, అడిగినవాళ్లకి జరిగింది జరిగినట్టు చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఇంత పెద్ద కబురు ఊరికి ఎన్నడూ ఇవ్వలేదు, ఇచ్చినందుకు కొంచెం కూడా సరదా కలగలేదు. దెల్రియు గారు పొయ్యి దగ్గర కోటు ఆరబెట్టుకుంటూ అడిగినవాళ్లకి తన వంతు తను ఒప్పుకున్నారు. పళ్ల సంగతి మాత్రం చెప్పలేదు.

చీకటిపడే వేళకి బండి తిరిగొచ్చింది. సిడోనీ బుగ్గలు చలికి ఎర్రగా ఉన్నాయి. కేకు గిన్నె ఖాళీ. చేతిలో కాగితంలో చుట్టిన సాసేజి. మల్‌పేర్‌లో మూడిళ్లున్నాయట. మధ్య ఇంట్లో ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్లు. తలుపు తీయగానే ఏ ఊరని అడిగి, ఫజోల్ అని చెబితే, "గంట తెచ్చారా?" అన్నారట. తెచ్చిన కేకు చూసి, గంట సంగతి తర్వాత మాట్లాడుకుందామని లోపల కూర్చోబెట్టారట.

సిడోనీ టోపీ తీసి మేకుకు తగిలించి, మారినెట్‌ను, నోటరీ గారిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. తీర్పు అప్పటికే దారిలో ఆలోచించుకున్నట్టుంది.

"ఈ చలికాలం అయిపోయేదాకా ప్రతి గురువారం పలక మీ ఇద్దరిదే. దుకాణం సరుకు దాని మీద కనిపిస్తే కొట్లోకి రానివ్వను. అంతే కాదు. ఆ సాసేజి మీరే చెయ్యాలి, మీ చేతుల్తో. పంది దగ్గర్నుంచి."

"పంది దగ్గర్నుంచా?" అన్నారు నోటరీ గారు.

"పేగుల దగ్గర్నుంచి," అంది సిడోనీ.

ఫిబ్రవరిలో తెయొదోర్ చెల్లెలు యూజెనీ పొలంలో పందిని కోసే రోజున ఇద్దరూ వెళ్లారు. యూజెనీ ఎవరికీ మొహమాటపడే మనిషి కాదు. "నోటరీ గారూ, కోటు విప్పండి, ఇక్కడ సంతకాలేం లేవు," అని చెప్పి, పేగుల గిన్నె చేతికిచ్చి తొట్టి దగ్గరికి పంపింది. తొట్టి మీద గడ్డకట్టిన నీళ్లు పగలగొట్టి, చొక్కా చేతులు మడిచి, ముప్పై ఏళ్లు పందుల గురించి ఉపన్యాసాలిచ్చిన మనిషి మొట్టమొదటిసారి పందిని లోపల్నుంచి ముట్టుకున్నారు. కాసేపటికి ఆయన వేళ్లు నీలంగా మారాయి. అయినా లేచి రాలేదు. మారినెట్ మాంసం తరుగుతూ కిటికీలోంచి చూసి, ఒక గ్లాసు వేడి ద్రాక్షసారా పట్టుకెళ్లి ఇచ్చింది.

"ఇది ఆడదా, మగదా?" అంది.

"నన్నడక్కండి," అన్నారు ఆయన పళ్లు కటకటలాడుతుంటే. "నాకేం తెలీదు. ఎప్పుడూ తెలీదు."

వాళ్ల మొదటి సాసేజిలు పొగగొట్టానికి మరీ దగ్గర వేలాడదీయడంతో పైన రాయిలా ఎండి లోపల గుల్లగా తయారయ్యాయి. మార్చి చివర్లో వాటిని పలక మీద పెట్టినప్పుడు మారినెట్ ఊరిన దోసకాయలు రెట్టింపు వేసింది, అక్రోట్లు గుప్పిళ్ల కొద్దీ పోసింది. చెదరగొట్టాల్సిన పని లేకపోయింది, సాసేజి ముక్కలు వాటంతటవే దొర్లిపోయాయి. ఉర్బేన్ ఒకటి కొరికి, తీసి చూసి, "అక్కా, నాలుగు నాకివ్వు. టైర్ల కింద పెడితే మంచులో జారవు," అన్నాడు. సిడోనీ నిశ్శబ్దంగా నమిలింది. చాలాసేపు నమిలింది. మింగాక ఇంకో ముక్క తీసుకుంది. అది చూశాక మారినెట్‌కు ఆ రాత్రి నిద్ర పట్టింది.

దెల్రియు గారు తమ వాటా ముక్కలను సూపులో నానబెట్టుకుని తిన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. అప్పటికి అందరికీ తెలిసిపోయింది, ఆయనే ఓ గురువారం చెప్పేశారు. మంగళవారాలు ఆయన మారినెట్ వ్యానులో కింద పట్టణానికి వెళ్లి తన మెత్తటి సాసేజి తనే బాహాటంగా కొనుక్కొచ్చేవారు. దారిలో ఇద్దరూ వాదించుకుంటూ వెళ్లేవారు, వచ్చే ఏడాది మిరియాలు పొడిచెయ్యాలా, పలుకులుగా వెయ్యాలా అని.

ఏప్రిల్లో మంచు పూర్తిగా కరిగిపోయింది. కనుమ మీద గడ్డి పచ్చగా లేచింది, రోడ్డు నల్లగా పొడిగా మెరిసింది. ఒక శనివారం పొద్దున్నే మారినెట్ కిటికీలు తుడుస్తుంటే మంచు తోసే బండి ఆమె ఇంటి ముందు నుంచి వెళ్లింది. ముందున్న రేకు గాల్లోకి ఎత్తి ఉంది. తోయడానికి రోడ్డు మీద ఎండుటాకు కూడా లేదు. లోపల ఉర్బేన్ శుభ్రంగా గడ్డం గీసుకుని, మెడకు టై కట్టుకుని ఉన్నాడు. పక్కన ఈక టోపీ కనిపించింది. తర్వాతి శనివారం కూడా కనిపించింది.

ఆ మంగళవారం వ్యాను ఎక్కుతూ నోటరీ గారు, "ఊళ్లో ఏమైనా విశేషాలా?" అని అడిగారు.

మారినెట్ గేరు మార్చింది. పెదవులు రెండుసార్లు కదిలాయి. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు గొంతు దాకా వచ్చింది.

"ఏం లేవు," అంది. "మిరియాలు పలుకులుగానే వేద్దాం."